వాతావరణం బాగుంది

ఆ పొద్దుటి నుంచి మాణిక్యాంబ హైమవతి పెట్టెను మూడుసార్లు సర్దింది. మొదటిసారి ఉన్ని స్వెట్టరు అడుగున పెట్టింది. రెండోసారి జాబితా చూసుకుని తీసేసింది. మూడోసారి ఆ స్వెట్టరునే మాగాయ సీసాకు చుట్టి, పురికొస బిగించి, పెట్టె నడిమధ్యన కూరింది.

"ఇదేవిటత్తా, స్వెట్టరు జాబితాలో లేదుగా," అంది హైమ.

"స్వెట్టరు కాదే ఇది. సీసా పగలకుండా చుట్టిన గుడ్డ. ప్యాకింగు సామాను కిందకొస్తుంది. ఎవరైనా అడిగితే అలాగే చెప్పు."

జాబితా విదేశీ వైమానిక శిక్షణ ఎంపిక మండలి వారిది. నూలు దుస్తులు ఆరు జతలు, ఎండ టోపీ ఒకటి, చలువ కళ్ళద్దాలు ఒక జత, స్వదేశీ పచ్చళ్ళు రెండు సీసాలు. అట్టడుగున, "జాబితాయందు లేని వస్తువులు వెంట గొనిపోరాదు" అని ఒక వాక్యం. ఆ వాక్యం టైపు చేసింది మాణిక్యాంబే. మండలిలో టైపిస్టూ ఆమే, టపా చూసేదీ ఆమే, రికార్డు గదికి అధిపతీ ఆమే. మండలి అంటే ఘనంగా వినిపిస్తుంది గాని అందులో ఉన్నది ముగ్గురు. అధ్యక్షులు పరాంకుశంగారు, సూపరింటెండెంటు చిదంబరేశ్వరరావుగారు, ఆమె. విమానం నడపడం నేర్చుకోవాలనుకునే మన పిల్లలకు పరదేశాల్లో మంచి బడి వెతికిపెట్టి పంపడం వీరి పని.

హైమ ఆమె తమ్ముడి కూతురు. తమ్ముడూ మరదలూ రైల్వే బదిలీల మీద ఊళ్ళు తిరుగుతుంటే, ఆరో తరగతి నుంచి అత్త దగ్గరే పెరిగింది. మండలివారి పరీక్షలో నెగ్గిన నలుగురిలో ఈ పిల్ల ఒకతె.

మాణిక్యాంబ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ తరవాతి చదువంతా రికార్డు గదిలో, బీరువాల వెనకాల సాగింది. ఆ భవనం వెనకటికి రేవు కచేరీ. ఓడలవాళ్ళు వదిలేసి వెళ్ళిన పుస్తకాలు ఇంకా అక్కడే ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని, మాటకు మాట కూడబలుక్కుంటూ వాటిని ఆమె ఒకటికి రెండుసార్లు చదివింది. అందుకే హైమను పంపుతున్న గ్రావిక్ అనే దీవి పేరు వినగానే లేచి వెళ్ళి, చెదలు తిన్న ఒక పుస్తకం తెచ్చి చూసింది. అందులో ఆ దీవి గురించి రెండు ముక్కలే ఉన్నాయి. ఏడాదికి మూడు వందల రోజులు పొగమంచు. నావికులు దూరంగా పోవలెను.

"పద్దెనిమిది నెలలే అత్తా," అంది హైమ, పెట్టె మీద కూర్చుని మూత నొక్కుతూ. "రెండు వందల గంటలు ఎగిరితే లైసెన్సు ఇస్తారు. వచ్చాక నిన్ను పక్క సీట్లో కూచోబెట్టుకుని మన రేవు మీద, గోదారి సముద్రంలో కలిసేచోటు మీద చక్కరు కొట్టిస్తాను. ఎక్కడేముందో నువ్వే చూపించాలి మరి."

"అక్కడ చూసేదేముందే. నీళ్ళు," అంది మాణిక్యాంబ.

ముప్పై ఏళ్ళ కిందట ఆమె ఇలాగే ఇంకొక సంచీ సర్దింది. ఒక పూట పని అన్నారు కనక అందులో ఒక తువ్వాలూ, పెరుగన్నం గిన్నే పెట్టింది. అది ఆమె భర్త కామేశంది. రేవు కచేరీలో లాంచీ నడిపే సరంగు. పొద్దున్నే మంచు విడవకముందే వెళ్ళినవాడు లాంచీతో సహా ఏమయ్యాడో తెలియలేదు. కదలికల రిజిస్టరులో "వెళ్ళిన తేదీ" ఉండి, "తిరిగి వచ్చిన తేదీ" లేదు కాబట్టి ఆయన టూరులో ఉన్నట్టు భావించాలని కచేరీవారు తేల్చారు. ఏడేళ్ళు అలాగే భావించారు. తరవాత కారుణ్యం కలిగి ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. అయితే ఆ గడి పూరించే అధికారం ఎవరిదో నిబంధనల్లో లేదు. దాంతో రికార్డు ప్రకారం కామేశం ఇంకా టూరులోనే ఉన్నాడు. ఆ రిజిస్టరుతో పాటు కచేరీలోని రిజిస్టర్లన్నీ ఇప్పుడు ఆమె అధీనంలో ఉన్నాయి.

హైమను రైలెక్కించి వచ్చి, కొత్త రిజిస్టరులో ఆ పిల్ల పేరు రాసి, జూలై నాలుగు అని వేసింది. పక్క గడి కేసి చూడకుండా మూసేసింది.

గ్రావిక్‌ను మండలివారు ఊరికే ఎంపిక చేయలేదు. పైనుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తర్వు వచ్చింది. విమాన శిక్షణకు ఎండా వానా గాలీ ముఖ్యం కనక, బడిని ఎంచుకునేముందు అవి చూసి మార్కులు వేయమని అందులో ఉంది. తెలుగులో పెట్టినప్పుడు తనిఖీ ఫారములో ఏడో గడికి "శిక్షణ సంస్థ వద్ద వాతావరణము" అని పేరు పడింది. తప్పేమీ లేదు. ఆ మాటకు అదే తెలుగు.

పరాంకుశంగారూ, చిదంబరేశ్వరరావుగారూ ఆ ఫారము పట్టుకుని రెండు బళ్ళు చూసి వచ్చారు. మొదటిది ఎక్కడో ఎడారిలో ఉంది. తిరిగి రాగానే నివేదిక చెబుతుంటే మాణిక్యాంబ టైపు చేసింది.

"ఆకాశము అతి నిర్మలముగా నున్నది. ఇది ఏడవ గడికి సంబంధించిన విషయము కాదు," అని మొదలుపెట్టారు సూపరింటెండెంటుగారు. "శిక్షకులు బిగ్గరగా మాట్లాడుచున్నారు. శిక్షణార్థులు చెమటలు కక్కుచు పరుగులు తీయుచున్నారు. విమానములు ఎడతెగక లేచుచుండుటచే మర్యాదగా సంభాషించుటకు వీలు లేదు. తనిఖీ బృందమునకు తేనీరు పదకొండు నిమిషములు ఆలస్యముగా ఇవ్వబడినది. వాతావరణము బాగోలేదు. పదికి రెండు."

రెండోది గ్రావిక్.

"మేముండిన ఆరు దినములును శిక్షకులు, శిక్షణార్థులు, వంటమనిషితో సహా ఒకే గదిలో పొయ్యి చుట్టూ కూర్చుండిరి. చదరంగము ఆడిరి. పాటలు పాడిరి. ఎవరికిని తొందర లేదు. విమానముల రొద ఒక్కసారియు వినబడలేదు. అందరును ఒక్క కుటుంబము వలె మెలగుచున్నారు. వాతావరణము అత్యుత్తమము. పదికి పది."

మాణిక్యాంబ టైపు ఆపింది. "అయ్యా, ఆరు రోజులూ అందరూ గదిలోనే ఎందుకున్నారండి?"

"అదేనమ్మా ఐకమత్యం అంటే," అన్నారు చిదంబరేశ్వరరావుగారు.

"బయట మంచు పట్టి ఎగరలేక కాదు కదండి? ఇక్కడ వాతావరణం అంటే ఎండా వానా అనుకుంటానండి."

సూపరింటెండెంటుగారు జాలిగా చూశారు. "మాణిక్యాంబగారూ, మా ఇంట్లో వాతావరణం బాగోలేదు అన్నాననుకోండి. మా ఇంట్లో వాన పడుతోందనా అర్థం?"

ఆమె మళ్ళీ టైపు మొదలుపెట్టింది. వారింటి సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

గ్రావిక్ బడి నడిపే హాల్వర్ అనే పెద్దమనిషి మాత్రం తనంతట తానే ఒక ఉత్తరం రాశాడు. మా దగ్గర వాతావరణం బాగోదు, సెప్టెంబరు నుంచి మే దాకా మరీ అన్యాయం, మీ పిల్లలను పంపేముందు బాగా ఆలోచించుకోండి అని. మాణిక్యాంబ దాన్ని తెలుగు చేసి, ఎర్ర సిరాతో గీత గీసి, అధ్యక్షులవారి ముందు పెట్టింది. పరాంకుశంగారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూశారా. తమ సంస్థలో వాతావరణం బాగోలేదని తామే ఒప్పుకుంటున్నారు. ఈ రోజుల్లో ఎవరు ఒప్పుకుంటారు? లోపాన్ని లోపమనగలిగే చోట వాతావరణం ఎంత ఆరోగ్యకరంగా ఉండాలి. ఇంకొక మార్కు కలపండి."

గ్రావిక్‌కు పదికి పదకొండు వచ్చాయి.

వారానికోసారి, మధ్యాహ్నం భోజనాల వేళ, హైమ ఫోను చేసేది.

"ఎలా ఉన్నావే? ఎగిరావా?"

"ఇవాళ విమానం దాకా వెళ్ళామత్తా. మంచులో దారి తప్పకుండా బడి గుమ్మం నుంచి విమానం దాకా తాడు కట్టారు. తాడు పట్టుకుని వెళ్ళి, రెక్క తడిమి చూసి, ఉందని చెప్పి, మళ్ళీ తాడు పట్టుకుని వచ్చాం."

"మరి పాఠం?"

"అదే పాఠం. చదరంగంలో మాత్రం హాల్వర్‌గార్ని రెండుసార్లు ఓడించాను. సీసా గుడ్డ ఒంటి మీదే ఉంది, విప్పడం లేదు. మిగతా ముగ్గురూ వంతులడుగుతున్నారు దానికోసం."

ఆరు నెలలు గడిచేసరికి హైమ ఎగిరింది తొమ్మిది గంటలు. మాణిక్యాంబ ఒక కాగితం మీద లెక్క కట్టి సూపరింటెండెంటుగారి బల్ల మీద పెట్టింది. ఆయన ఫైలు తెప్పించి, ఏడో గడి తెరిచి, వేలు పెట్టి చూపించారు.

"ఇక్కడ వాతావరణం అత్యుత్తమం అని ఉంది. కనుక ఆలస్యానికి కారణం వాతావరణం కాజాలదు. సంస్థ లోపమూ కాజాలదు, పదకొండు మార్కులు వచ్చాయి. మిగిలిన కారణమేదో మీరే చెప్పండి."

"నన్నడుగుతారేవిటండి."

"అభ్యర్థుల అనాసక్తి," అన్నారాయన. నలుగురికీ మెమోలు వెళ్ళాయి. "ఉత్తమ వాతావరణమున ఉండియు ఎగురకుండుటకు సంజాయిషీ పదిహేను దినములలో దాఖలు చేయునది." వాటిని టైపు చేసింది మాణిక్యాంబ. హైమ పేరు దగ్గర రెండుసార్లు తప్పు పడింది. మండలిలో దిద్దిన కాగితం పంపకూడదు కాబట్టి మూడోసారి తప్పు లేకుండా కొట్టింది.

"పోనీ, పిల్లను వెనక్కి పిలిపించండి," అంది. "నేర్చుకోకపోయినా ఫరవాలేదు. వస్తే చాలు."

"పద్నాలుగో నిబంధన చదివారా? రెండు వందల గంటలు పూర్తికాకుండ తిరిగి వచ్చుట అనునది లేదు. మన ఉత్తరం అందేదాకా పాస్‌పోర్టులు సంస్థవారి భద్రంలో ఉంటాయి." ఆయన ఆమె లెక్క కాగితాన్ని తిప్పి, వెనకాల తన లెక్క వేశారు. "నెలకు గంటన్నర. రెండు వందల గంటలకు నూట ముప్పై మూడు నెలలు పైచిలుకు. అంటే పదకొండేళ్ళ రెండో నెల. చూశారా, తేలిపోయింది. రారు అనడానికి లేదు. వస్తారు."

"అప్పటికి నేనెక్కడుంటానండి."

"మీరు రిటైరైపోతారు. కనుక అది మండలి పరిశీలనలోకి రాదు."

ఆ వారం ఆమె రికార్డు గదిలో కూర్చుని నిఘంటువులన్నీ దించింది. వెతగ్గా వెతగ్గా బడి పుస్తకాల్లో ఉండే మాటే దొరికింది. శీతోష్ణస్థితి. ఈ మాట ఎవరింట్లోనూ వాడరు. మొగుడూ పెళ్ళాల మధ్య శీతోష్ణస్థితి బాగోలేదని ఎవరూ అనరు. దీనికి రెండో అర్థం తియ్యడం ఎవరి తరమూ కాదని ఆమె ధైర్యం. ఏడో గడిలో "వాతావరణము" కొట్టివేసి "శీతోష్ణస్థితి" అని మార్చవలసిందిగా అర్జీ పెట్టుకుంది.

అర్జీ మీద పరిభాషా ఉపసంఘం కూర్చుంది. అందులో సభ్యులు పరాంకుశంగారు, చిదంబరేశ్వరరావుగారు. ఏడు నెలలు కూర్చున్నాక తీర్పు వచ్చింది. శీతము అనగా చలి, ఉష్ణము అనగా వేడి. ఈ రెండును ఏకకాలమున చూపునది జ్వరము కొలుచు సాధనము. కావున సదరు అంశము ఆరోగ్య విభాగమునకు చెందును.

ఆరోగ్య విభాగంవారు గ్రావిక్ వైద్యుడికి రాశారు. ఆయన మంచులో తడుముకుంటూ బడికి వచ్చి, నలుగురి నోళ్ళలోనూ థర్మామీటరు పెట్టి చూసి వెళ్ళాడు. "అభ్యర్థుల శీతోష్ణస్థితి తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. సంతృప్తికరము," అని నివేదిక వచ్చింది. దాన్ని ఏడో గడి పక్కన అంటించారు. గ్రావిక్ వాతావరణం ఇప్పుడు రెండు విధాల రుజువైంది.

ఆ కాగితం అంటిస్తుండగానే మాణిక్యాంబ కళ్ళకు తొమ్మిదో నిబంధన తగిలింది. "ఎంపికైన సంస్థయందు వాతావరణము బాగోలేదని బృందముచే నివేదిక దాఖలైన మరుక్షణము, అభ్యర్థులు రెండవ స్థానమందలి సంస్థకు బదిలీ అయినట్లే భావించవలెను." రెండో స్థానంలో ఉన్నది ఎడారి బడి. ఇంక ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. దాఖలైతే చాలు. బదిలీ ఉత్తరం కొట్టి పంపేది తనే.

ఆమె కాసేపు ఆలోచించింది. ఇన్నాళ్ళూ తాను వీళ్ళ మాటను దిద్దాలని చూసింది. దిద్దడం ఎందుకు? వీళ్ళ వాతావరణమే చెడితే సరిపోతుంది.

"హైమా," అంది ఆ వారం ఫోనులో, "అక్కడ ఎవరితోనైనా దెబ్బలాడవే."

"ఎందుకత్తా?"

"వాతావరణం చెడాలి."

"నాకు దెబ్బలాట రాదత్తా. నువ్వేగా పెంచావు."

"చెప్తాను, రాసుకో. హాల్వర్‌గార్ని చదరంగంలో దొంగాట ఆడావను. వంటమనిషి చేతిలో ఉప్పు లేదను. కంచం కొంచెం విసురుగా పెట్టు. పాటలు పాడుతుంటే చెవులు మూసుకో."

హైమ చెప్పినట్టే చేసింది. వారం తిరక్కుండా ఫోను చేసింది.

"హాల్వర్‌గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారత్తా. ఒకసారి నిజంగానే గుర్రాన్ని జరిపారట, ఇరవయ్యేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదట. నా చెయ్యి పట్టుకుని క్షమించమన్నారు. వంటావిడ నా దగ్గర పప్పుచారు నేర్చుకుని రోజూ అదే పెడుతోంది. నా గొంతు వినాలని నన్నే పాడమంటున్నారు. వాతావరణం ఇదివరకటి కంటే బాగుపడిపోయింది."

మంచివాళ్ళ మధ్య వాతావరణం చెడగొట్టాలంటే దానికి తగిన మనుషులు ఉండాలని మాణిక్యాంబకు అప్పుడు తోచింది. తగిన మనుషులు ఎక్కడున్నారో ఆలోచించడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

మర్నాడు ఒక నోటు పెట్టింది. "గ్రావిక్‌నందు వాతావరణము మునుపటి కంటె మెరుగైనట్లు తెలియవచ్చుచున్నది. పదకొండు మార్కులు చాలునో చాలవో అధ్యక్షులవారు, సూపరింటెండెంటుగారు స్వయముగా పోయి, తగినంత కాలముండి, తేల్చుట ఉచితము."

పరాంకుశంగారికి నోటు నచ్చింది. "ఇన్నాళ్ళకు మీరు మండలి భాష పట్టుకున్నారు," అని మెచ్చుకున్నారు. ఇద్దరూ జాబితా ప్రకారం నూలు బట్టలు, ఎండ టోపీలు, చలువ కళ్ళద్దాలు సర్దుకున్నారు. జాబితా ఆమే టైపు చేసింది. ఒక్క మాటా మార్చలేదు. ఎవరి సీసాకూ గుడ్డ చుట్టలేదు. రిజిస్టరులో రెండు పేర్లు రాసి, అక్టోబరు తొమ్మిది అని వేసింది.

తరవాతి కబుర్లు హైమ చెప్పగా విన్నవే. వచ్చిన మొదటి వారంలోనే అధ్యక్షులవారు పొయ్యి చుట్టూ కుర్చీలకు వరసక్రమం నిర్ణయించారు. హోదాను బట్టి దగ్గర, దూరం. వంటమనిషి గుమ్మం అవతలకు జరిగింది. రెండో వారం నుంచి చదరంగానికి హాజరుపట్టీ పెట్టారు. పాట పాడదలచినవారు పాట ప్రతిని మూడు రోజుల ముందు సమర్పించాలన్నారు. ఎవరూ సమర్పించలేదు. నాలుగో వారానికి హాల్వరూ, వంటమనిషీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. నవంబరు చివర సూపరింటెండెంటుగారు అధ్యక్షులవారిని చదరంగంలో ఓడించారు.

డిసెంబరులో ఒకే టపాలో రెండు కవర్లు వచ్చాయి. మాణిక్యాంబ చేతులు తుడుచుకుని విప్పింది.

అధ్యక్షులవారిది ఇలా ఉంది. "సూపరింటెండెంటు తన పై అధికారి యొక్క రాజును పట్టుట క్రమశిక్షణారాహిత్యము. సంజాయిషీ కోరగా నవ్వెను. ఇచ్చట వాతావరణము బొత్తిగా బాగోలేదు."

సూపరింటెండెంటుగారిది ఇలా ఉంది. "అధ్యక్షులు తామోడిన ఆటను పునఃపరిశీలనకై పెండింగులో ఉంచియున్నారు. పొయ్యి ప్రక్కనున్న కుర్చీని భోజన సమయమున సైతము విడువరు. వాతావరణము భరింపరానిది."

ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి, పైన ఒక నోటు రాసింది. "బృందసభ్యులిద్దరును ఏకాభిప్రాయమునకు వచ్చియున్నారు." దాఖలు ముద్ర తీసి, సిరా అద్ది, గట్టిగా కొట్టింది. ముద్ర కిందనున్న బల్ల కదిలింది. ఆ మధ్యాహ్నమే నలుగురి బదిలీ ఉత్తరాలు గ్రావిక్‌కూ, ఎడారి బడికీ వెళ్ళిపోయాయి.

టపా చేపల పడవల్లో ఎలాగో వచ్చిపోతుంది గాని, మనుషులు ఎక్కే పడవ మంచు విడిచిన రోజునే దీవికి వస్తుంది. ఆ ఏడు చలికాలంలో అది ఒక్కసారి వచ్చింది, ఫిబ్రవరిలో, రెండు గంటల ఎండకు. నలుగురు పిల్లలూ ఎక్కారు. బృందం కూడా ఎక్కవలసిందే. కాని టూరు ముగిసిందని సభ్యులు ఒకరి ఫారము మీద ఒకరు సంతకం చేస్తేగాని టూరు ముగియదు. చిదంబరేశ్వరరావుగారి ఫారము మీద పరాంకుశంగారు సంతకం చేయనన్నారు. తన సంతకం ముందు ఎందుకు పెట్టాలని సూపరింటెండెంటుగారు అడిగారు. పడవ మూడుసార్లు కూత వేసింది. చలువ కళ్ళద్దాలు పెట్టుకుని, మధ్యన గజం దూరం వదిలి, ఇద్దరూ ఒడ్డునే నిలబడి ఉండగా మంచు మళ్ళీ దిగింది. ముందు టోపీలు కనబడలేదు, తరవాత మనుషులు కనబడలేదు.

"ఎలా ఉందే ఎడారి?" అని అడిగింది మాణిక్యాంబ.

"అందరూ అరుస్తారత్తా. టీ అడిగితే కసురుతారు. పేరు పెట్టి పిలవరు, నంబరు పెట్టి పిలుస్తారు. రోజు తప్పకుండా ఎగురుతున్నాను."

"వాతావరణం?"

"ఘోరంగా ఉంది. ఆకాశం మాత్రం కడిగిన పళ్ళెంలా ఉంది."

ఆ ఎండాకాలం దాటేసరికి రెండు వందల గంటలూ నిండాయి. పరీక్షలు, లైసెన్సు కాగితాలు అయ్యేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. పద్దెనిమిది నెలలని వెళ్ళిన పిల్ల రెండున్నరేళ్ళకు, జనవరి మొదటి వారంలో, నల్లగా మాడిపోయి వచ్చింది. పెట్టెలో మాగాయ సీసా ఖాళీగా ఉంది. దానికి చుట్టిన గుడ్డ మోచేతుల దగ్గర చిరిగిపోయి ఉంది.

మండలికి ఊరి శివారున ఒక చిన్న శిక్షణ విమానం ఉంది. ఇద్దరు పడతారు. నడిపేవారు లేక అది ఎన్నడూ లేవలేదు. హైమ వచ్చిన నాలుగో రోజున దాన్ని తుడిపించి, కచేరీకి వచ్చి ఫారము ముందు పెట్టింది.

"వాతావరణ ధ్రువీకరణ పత్రం అత్తా. సూపరింటెండెంటుగారు సంతకం పెట్టాలి. ఆయన లేరు కాబట్టి ఇన్‌ఛార్జి నువ్వే. పెట్టెయ్యి, వెళ్దాం."

ఆ ఫారము కుర్చీలో కూర్చుని నింపడానికి వీలుగా తయారైంది. మాణిక్యాంబ కుర్చీలోంచి లేచింది. రేవు కచేరీ నాటి నుంచి రంగు మీద రంగు వేసి బిగుసుకుపోయిన కిటికీ ఒకటుంది. దాన్ని రూళ్ళకర్రతో పొడిచి తెరిచింది. బయట తెల్లగా ఉంది. ఎదురుగా ఉన్న జెండా కర్ర కూడా కనబడడం లేదు.

"పదింటికల్లా విడిపోతుందిలే," అంది హైమ. "నేను తాడు పట్టుకుని నడిచినదాన్ని. ఈపాటి మంచుకే నువ్వు భయపడితే ఎలా?"

మాణిక్యాంబ కూర్చుని ఆ పత్రం మీద రాసింది. వాతావరణం బాగోలేదు.

హైమ నవ్వబోయి అత్త మొహం చూసి మానేసింది. టీ తెప్పించింది. ఇద్దరూ కిటికీ పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పది దాటిన చాలాసేపటికి ముందు జెండా కర్ర, తరవాత రేవు గోడ, ఆ తరవాత లాంచీల పొగగొట్టాలు కనబడ్డాయి. ఆఖరికి దూరాన నీళ్ళ మీద నీళ్ళు కలిసే గీత కూడా కనబడింది. అప్పుడు ఇంకొక ఫారము తీసి రాసింది. "వాతావరణం బాగుంది. కిటికీలోంచి చూసి రాయడమైనది."

పైకి లేచాక హైమ గట్టిగా అడిగింది. "ఎక్కడేముందో చెప్పత్తా."

"అదీ మన కచేరీ. కిటికీ వెయ్యకుండా వచ్చేశాం, చూడు. అవి ఉప్పు గోదాములు. అదిగో, లాంచీలు కట్టే చోటు."

ఆ తరవాత, గోదారి సముద్రంలో కలిసేచోటు మీద, హైమ అడక్కుండానే ఒక చుట్టు తిరిగింది. రెక్క వంచి నెమ్మదిగా తిరిగింది. మాణిక్యాంబ అద్దానికి మొహం ఆనించి కిందకే చూసింది. కింద నీళ్ళే ఉన్నాయి. మంచు ఎక్కడా లేదు.

దిగి వచ్చాక ఆమె నేరుగా రికార్డు గదికి వెళ్ళింది. కొత్త రిజిస్టరులో జూలై నాలుగుకు ఎదురుగా ఉన్న గడిలో తేదీ వేసింది. సిరా ఆరేదాకా ఊదింది.

పరాంకుశంగారూ, చిదంబరేశ్వరరావుగారూ టూరులో ఉన్నారు. వెళ్ళింది అక్టోబరు తొమ్మిది. తిరిగి రాలేదు.

పాత రిజిస్టరు కింది అరలో ఉంది. లాంచీ సరంగు కామేశం, వెళ్ళిన సమయం ఉదయం ఆరు గంటలు. రిమార్కుల గడిలో "వాతావరణము బాగున్నది" అని ఉంది. కింద, లోపల కుర్చీలో కూర్చున్న అధికారి సంతకం ఉంది. కామేశం తిరిగి రాలేదు. వెళ్ళింది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, జనవరి పదకొండు, బుధవారం.